నూలు సంతలో రంగురంగుల చేతి గుండీలు: ఏరుకోవడం, అల్లుకోవడం, కుట్టుకోవడం

పోచంపల్లి బట్ట మీటర్ లెక్కన కొంటాం. మంచి టైలర్‌ను వెతికి కుర్తా కుట్టించుకుంటాం. గుండీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మ్యాచింగ్ సెంటర్‌లో దొరికిన డజను ప్లాస్టిక్ గుండీలు తెచ్చి బిగించేస్తాం. నూలును రంగు ఎక్కకూడని చోట బిగించి కట్టి (దీన్నే చిటికి అంటారు), రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కట్టి, మగ్గం మీద గీతకు గీత కలిపి నేసిన బట్ట అది. దానికి తగిన గుండీ పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. ఏది మంచిదో గుర్తుపట్టే చూపు ఉండాలి, ఒక సాయంత్రం కూర్చునే ఓపిక ఉండాలి.

చేతి గుండీలు ఎక్కువగా మేళాల్లో కనిపిస్తాయి. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజుకు గుర్తుగా 2015 నుంచి జరుపుకుంటున్నాం. ఏటా ఆ తేదీ చుట్టుపక్కల చేనేత స్టాళ్లు పెడుతుంటారు. అలాంటి చోట నూలు, ఉన్ని, క్రోషా దారాలు అమ్మే బల్లల మీద ఓ మూలన చిన్న గిన్నెల్లో, డబ్బాల్లో గుండీలు పోసి ఉంటాయి. చీరల హడావుడిలో పడితే వాటి మీదికి చూపే పోదు. అందుకే గుండీల పని ముందు చూసుకోండి, చీరలు ఎటూ పోవు.

వెళ్లే ముందు

ఏ బట్టకు గుండీలు కావాలో ఆ బట్టలో అరచేతి అంత ముక్క సంచిలో పెట్టుకోండి. టైలర్ దగ్గర కత్తిరింపుల్లో మిగిలిన ముక్క చాలు. రంగు గుర్తుందిలే అనుకుంటాం కానీ దుకాణంలో యాభై రంగులు చూశాక ఏ ఎరుపు మనదో తేల్చుకోలేం. సైజు నచ్చిన పాత గుండీ ఒకటి, దారం ఎక్కించిన సూది, తెల్ల కర్చీఫ్, చిన్న నీళ్ల సీసా, స్కేలు కూడా ఉంటే ఇంకేం అక్కర్లేదు.

గుండీల వ్యాపారంలో సైజును లైన్లలో చెప్తారు. 40 లైన్లు అంటే ఒక అంగుళం. మగవాళ్ల షర్టుకు మామూలుగా వాడేది 18 లైన్ల గుండీ, అంటే దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. కుర్తాకు, జాకెట్టుకు 24 లైన్లు, అంటే 15 మిల్లీమీటర్లు బాగుంటుంది. గొంగడి ఉన్నితో కుట్టిన కోటు లాంటి బరువైన బట్టకు 32 లైన్లు, అంటే 20 మిల్లీమీటర్ల కన్నా చిన్నది పెడితే బట్టలోనే మునిగిపోతుంది.

రంగు ఎలా కలపాలి

గుండీని, బట్ట ముక్కను పట్టుకుని ఎండ వెలుతురులోకి రండి. ట్యూబ్‌లైటు కింద నలుపులా కనిపించింది బయట ముదురు నీలం కావచ్చు. బల్ల మీద ఉన్న గుండీని పై నుంచి చూసి నిర్ణయించుకోవద్దు. బట్ట మీద పెట్టి, చేయి చాచినంత దూరం నుంచి చూడండి. ఎదుటి మనిషికి కనిపించేది ఆ దూరం నుంచే.

చిటికి బట్టకు బట్టంతా పరుచుకున్న రంగు గుండీ పెడితే అది కనిపించకుండా పోతుంది. ఆ డిజైన్‌లో అన్నింటికన్నా తక్కువగా వచ్చిన రంగేదో వెతికి, ఆ రంగు గుండీ తీసుకోండి. నీలం బట్టలో అక్కడక్కడా మెరిసే ఆవాల పసుపు ఉంటే పసుపు గుండీ. పుట్టపాక తేలియా రుమాలు పద్ధతి బట్టలో ఎరుపు, నలుపు, తెలుపే ప్రధానం. అక్కడ నా ఓటు తెలుపుకే. నారాయణపేట గళ్ల బట్టకైతే గడి గీత రంగు పట్టుకోండి, గీతలు కలిసే చోటే గుండీ వచ్చేలా కుట్టమని టైలర్‌కు చెప్పండి. గద్వాల చీర మీదికి జాకెట్టు కుట్టిస్తే ఒంటి రంగును వదిలి అంచు రంగు చూడండి. ఆ చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు కాబట్టి గుండీకి కూడా కొంచెం మెరుపు ఉంటే అతుకుతుంది.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

రంగు నచ్చగానే కొనేయకండి. ముందు రంధ్రాలు చూడండి. చేతి గుండీకి అసలు ప్రాణం అక్కడే ఉంది. రంధ్రం అంచు గరుగ్గా ఉంటే దారాన్ని రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. రెండు నెలల్లో గుండీ ఊడి ఎక్కడో పడిపోతుంది, మనం టైలర్‌ను తిట్టుకుంటాం. మీ సూదిలోని దారాన్ని రంధ్రంలోకి దూర్చి నాలుగైదు సార్లు అటూ ఇటూ లాగండి. దారం నూగులేచిందా, ఆ గుండీని పక్కన పెట్టేయండి. రెండు రంధ్రాల మధ్య గోడ మరీ సన్నగా ఉన్నా, రంధ్రం నుంచి అంచు వైపు జుట్టంత పగులు కనిపించినా అంతే.

తర్వాత కర్చీఫ్ కొస తడిపి గుండీ మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే రేపు ఉతికినప్పుడు బట్టకూ అంటుతుంది. రంగేసిన చెక్క గుండీలతో ఈ తంటా ఎక్కువ. అమ్మేవాళ్లను అడిగితే ఏమీ అనుకోరు. ‘‘అక్కా, ఇది దేంతో చేసిండ్రు? నీళ్లల్ల నానితే రంగు దిగుతదా?’’ అని అడగండి. తన చేత్తో చేసిన మనిషైతే జవాబు గడగడా వస్తుంది, అడగనివి కూడా చెప్తుంది. అలా చెప్పే మనిషి దగ్గరే కొనండి.

కొబ్బరి చిప్ప గుండీ నాకు బాగా ఇష్టం. గట్టిది, తేలికది, ఇస్త్రీ వేడికి కరగదు. ఒక పక్క నున్నగా, వెనక పక్క చిప్ప గీతలతో ఉంటుంది. ముదురు రంగు చేనేత మీద, నల్ల గొంగడి మీద దాన్ని మించింది లేదు. గంటల తరబడి సర్ఫు నీళ్లలో నానబెట్టకపోతే ఏళ్లు నిలుస్తుంది. చెక్క గుండీకి ఓర్పు తక్కువ, తడి తాగి ఉబ్బుతుంది. పైన నూనెగానీ వార్నిష్‌గానీ పట్టించారేమో అడగండి.

ముత్యపు చిప్ప గుండీ ముట్టుకుంటే చల్లగా తగులుతుంది, పక్కకు తిప్పితే రంగులు మారుతుంది. దాని పేరు చెప్పి ప్లాస్టిక్ అంటగట్టడం మామూలే కాబట్టి చెంపకు ఆనించి చూడండి. ప్లాస్టిక్‌కు ఆ చల్లదనం ఉండదు. వెనిగర్, నిమ్మరసం లాంటి పులుపు తగిలితే ఈ చిప్ప మెరుపు చచ్చిపోతుంది.

లక్క గుండీలు హైదరాబాద్ లాడ్‌బజార్ గాజుల్లా మెరుస్తాయి, కానీ వేడి తగిలితే మెత్తబడతాయి. రోజూ ఇస్త్రీ చేసే బట్టకు వద్దు. కాల్చిన మట్టి గుండీలు సంచికి, దిండు కవరుకు సరిపోతాయి. కింద పడితే పగిలే వస్తువును చొక్కాకు పెట్టమని నేను చెప్పను.

బట్ట చుట్టిన గుండీలు చూస్తే ముందు ఆ బట్ట అసలు చిటికిదేనా అని చూడండి. చిటికిలో నూలుకే ముందు రంగు పడుతుంది, ఆ తర్వాతే నేస్తారు. అందుకే బట్టకు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు వేసిన బట్టకు వెనక రంగు పాలిపోతుంది. గుండీ వెనక బట్ట మడతలు విప్పి చూస్తే తెలిసిపోతుంది.

సైజులో తేడా ఉంటుంది, ఉండాలి కూడా. చేత్తో చేసినవి కదా. అయితే అన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. మిల్లీమీటర్ తేడాను కాజా భరిస్తుంది. అంతకు మించితే ఒకటి బిగుసుకుంటుంది, ఇంకోటి జారిపోతుంది. కావాల్సిన వాటికన్నా రెండు ఎక్కువ కొనండి. ఇదే రంగు, ఇదే చేతి పని వచ్చే ఏడు మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మిగులు నూలుతో మీరే అల్లుకోవడం

మనకు సరిపోయేది దొరక్కపోతే మనమే చేసుకోవచ్చు. మన వైపు దీనికి కావాల్సిన సరుకు ప్రపంచంలో ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకదేమో అనిపిస్తుంది. చిటికి కట్టి రంగేసిన నూలును ఒక్కసారి విడిగా చూడండి. ఒకే పోగు మీద జానెడు ఎరుపు, బెత్తెడు తెలుపు, మళ్లీ నలుపు ఉంటుంది. కట్టు పడ్డ చోట రంగు ఎక్కదు కాబట్టి అలా వస్తుంది. ఆ పోగును గుండీగా చుడితే రంగులు వాటంతట అవే అక్కడో ముక్క, ఇక్కడో ముక్కగా తేలతాయి. ఏ రెండు గుండీలూ ఒకేలా రావు, అన్నీ ఒకే కుటుంబంలా మాత్రం కనిపిస్తాయి.

భూదాన్ పోచంపల్లిలో, పుట్టపాకలో, కొయ్యలగూడెంలో నేత ఇళ్ల దగ్గర మిగులు నూలు దొరుకుతుంది. పోచంపల్లి 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలోకి ఎక్కింది, బయటి నుంచి వచ్చి పోయేవాళ్లు ఎక్కువ. సెలవు రోజు కాకుండా మామూలు రోజు వెళ్తే నిదానంగా మాట్లాడతారు. మగ్గం మీద ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. బట్ట కోశాక మగ్గం అచ్చులో (పోగులు దూరే దువ్వెన లాంటి పలకలో) మిగిలిన పోగులు చెత్తలా కనిపిస్తాయి కానీ కొత్త పడుగును, అంటే నిలువు పోగులను, వాటికే ఒక్కో పోగూ అతుకుతారు. తెగిన ముక్కలు, కండెల మీద మిగిలిన పేక (అడ్డ పోగు) నూలు ఉంటే అడగండి. ఊరికే ఇస్తామన్నా డబ్బులు చేతిలో పెట్టండి. ఆ ముడి వేసిన చేతుల కూలి అందులో ఉంది.

నూలు మందం చూసుకోవాలి. నూలుకు కౌంటు అని ఉంటుంది. పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అన్ని కౌంటు. నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నబడుతుంది. దుప్పట్లకు వాడే 20 కౌంటు రెండు పోగుల నూలు గుండీకి బాగా పనికొస్తుంది. చీర నూలు సన్నం కాబట్టి ఐదారు పోగులు కలిపి పెనవేసుకోండి. పేనకుండా వాడితే సూది కన్నం దగ్గరే పుటుక్కున తెగుతుంది.

ఇక రింగు కావాలి. కుట్టు సామాను కొట్లో 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ రింగో, ఇత్తడి రింగో దొరుకుతుంది. ఇనుము వద్దు, తుప్పు బట్టకు దిగుతుంది. మొద్దు మొన ఉన్న సూది తీసుకోండి, పోగును చీల్చకుండా పక్క నుంచి పోతుంది. ఒక్కో దశకు మీటరున్నర దారం సరిపోతుంది. మొత్తం ఒకేసారి ఎక్కిస్తే చిక్కులు విప్పడంతోనే సరిపోతుంది.

ముందు రింగు చుట్టూ కాజా కుట్టు వేయాలి. దారం కొసను రింగుకు ముడి వేసి, సూదిని రింగు లోపలి నుంచి తీసి, దారం చేసిన మెలికలో నుంచి లాగండి. టైలర్లు కాజాకు వేసే కుట్టే ఇది, బట్టకు బదులు రింగు మీద వేస్తున్నాం, అంతే. ప్రతి పది కుట్లకోసారి వాటిని బొటనవేలితో వెనక్కి తోసి దగ్గరికి చేర్చండి. రింగు ఎక్కడా కనిపించకూడదు. చుట్టూ నిండాక చూస్తే బయటి అంచున ముడుల వరుస ఒకటి జడలా ఉంటుంది. దాన్ని రెండు చేతుల వేళ్లతో మెల్లగా లోపలి వైపుకు తిప్పండి. బయటి అంచు నున్నగా అవుతుంది, లోపలి ముడులు తర్వాతి దశలో దారానికి పట్టు ఇస్తాయి.

ఇప్పుడు కావాలంటే రంగు మార్చండి. రింగు పై అంచు నుంచి దారాన్ని ముందు వైపుగా కింది అంచుకు లాగి, వెనక వైపుగా మళ్లీ పైకి తెచ్చి, రింగును కొద్దిగా తిప్పండి. మళ్లీ అలాగే. ఆరు చుట్లు పడేసరికి బండి చక్రం ఆకుల్లా పన్నెండు ఆకులు కనిపిస్తాయి. ముందు వరుస, వెనక వరుస విడివిడిగా ఉంటాయి, మధ్య బిందువు ఎటో పక్కకు జరిగి ఉంటుంది. కంగారు పడకండి, అందరికీ అలాగే వస్తుంది. సూదిని నడిమధ్యలో పైకి తీసి, ఆకులన్నీ కలిసే చోట ఇంటూ గుర్తులా రెండు కుట్లు గట్టిగా వేయండి. లాగుతూనే మధ్య బిందువును సరైన చోటికి జరపండి. ఈ ఒక్క చోట తొందరపడితే గుండీ ఎప్పటికీ వంకరే.

తర్వాత నింపడం. మధ్యకు దగ్గరగా రెండు ఆకుల మధ్య నుంచి సూదిని పైకి తీయండి. ఒక ఆకు మీదుగా వెనక్కి వెళ్లి, దాని పక్కన కిందికి దించి, రెండు ఆకుల కింద నుంచి ముందుకు వచ్చి పైకి తేలండి. ఒకటి వెనక్కి, రెండు ముందుకు, అదే లెక్క. చుట్టు తర్వాత చుట్టు వేస్తుంటే ఒక్కో ఆకు మీద దారం గట్టులా లేస్తుంది. చిటికి నూలైతే ఎరుపు ఒక్కసారిగా తెలుపుగా మారేది ఇక్కడే. కొన్ని చుట్ల తర్వాత వదిలేసి ఆకుల మధ్య ఖాళీ ఉంచొచ్చు, అంచు దాకా నింపనూ వచ్చు. కుర్తాకు నిండుగా ఉన్నదే మేలు, ఖాళీలు కాజాలో చిక్కుకుంటాయి. చివర్లో దారాన్ని వెనక్కి దించి నాలుగు కుట్లు వేసి, జానెడు కొస వదలండి. గుండీని బట్టకు కుట్టడానికి అది పనికొస్తుంది.

ఈ పద్ధతి ఇంగ్లండ్‌లోని డార్సెట్ ప్రాంతానిది. అక్కడ 1622లో అబ్రహాం కేస్ అనే ఆయన ఈ పని మొదలుపెట్టాడని చెప్తారు. రెండు వందల ఏళ్లకు పైగా పల్లె ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఈ గుండీలు చేసి బతికారు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో గుండీలు చేసే యంత్రం వచ్చాక వాళ్ల పని పోయింది, చాలా కుటుంబాలు ఊళ్లు విడిచి వలస వెళ్లాయి. మరమగ్గం వచ్చాక, చిటికి డిజైన్‌ను బట్ట మీద అచ్చు గుద్ది అగ్గువకు అమ్మడం మొదలయ్యాక మన నేత ఇళ్లలో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు ఈ కథ కొత్త కాదు. చేతి గుండీకి పది రూపాయలు ఎక్కువ చెప్తే బేరం ఆడొద్దని నేను అనేది అందుకే.

ఇంత ఓపిక లేకపోతే పోట్లీ గుండీ చేసుకోండి. ఉతికి ఆరేసిన బట్ట ముక్కలో నాలుగు సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా కత్తిరించి, చుట్టూ దూరదూరంగా కుట్టు వేసి, మధ్యలో దూది లేదా నూలు ముక్కలు పెట్టి దారం లాగి కట్టేయండి. బట్టలో ఏ పువ్వు గుండీ మీద రావాలో కత్తిరించే ముందే చూసుకోవాలి. జరీ ఉన్న గద్వాల అంచు పోగులు ఊడుతుంది, వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే పల్చటి అస్తరు) అంటించాకే కత్తెర పెట్టండి.

బట్టకు కుట్టేటప్పుడు

కాజా పొడవు టైలర్‌కు అంచనాగా చెప్పకండి. చదును గుండీకైతే వెడల్పు, మందం కలిపితే వచ్చేదే కాజా. నూలుతో అల్లినవి, ఉబ్బెత్తుగా ఉండేవి అలా కొలిస్తే సరిపోవు. సన్న కాగితం పట్టీని గుండీ చుట్టూ తిప్పి, కొసలు కలిసిన చోట గుర్తు పెట్టి, ఆ పొడవులో సగం తీసుకోండి. ముందు పనికిరాని ముక్క మీద కాజా వేయించి, గుండీ దూర్చి చూడండి. పోట్లీకి కాజా వద్దు, దారం లూపే అందం.

చేతి గుండీలు మందంగా ఉంటాయి. బట్టకు ఆనించి కుట్టేస్తే కాజా పట్టీ కింద నలిగి ముడతలు పడుతుంది. గుండీ మీద అగ్గిపుల్ల పెట్టి దాని మీదుగా దారం తీసి కుట్టండి. ఐదారు కుట్లయ్యాక అగ్గిపుల్ల లాగేసి, గుండీని పైకి ఎత్తి పట్టుకుని, బట్టకు గుండీకి మధ్యనున్న దారం చుట్టూ అదే దారాన్ని నాలుగు సార్లు బిగించి చుట్టి ముడి వేయండి. గుండీకి చిన్న కాడ వస్తుంది. వెనక రంధ్రం లేని నూలు గుండీని మధ్యలోని ముడుల్లోంచి కుట్టండి, అంచును పట్టుకుని కుడితే వేలాడుతుంది.

చేనేత బట్ట నేత వదులుగా ఉంటే గుండీ లాగిన చోట చిల్లి పడుతుంది. లోపలి వైపు అదే బట్ట చిన్న ముక్క గానీ, చిన్న పల్చటి గుండీ గానీ పెట్టి రెండింటినీ కలిపి కుట్టండి. గొంగడి ఉన్నికి ఇది తప్పనిసరి.

ఉతికేటప్పుడు బట్టను తిరగేసి, గుండీలు పెట్టేసి, చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. బండకేసి బాదొద్దు. లక్క గుండీలున్న బట్టకు ఇస్త్రీ పెట్టె గుండీ చుట్టూ తిరగాలి, మీదికి ఎక్కకూడదు. నూలు గుండీ మొదటి ఉతుకులో రంగు వదులుతుందన్న అనుమానం ఉంటే బట్టకు కుట్టకముందే రెండుసార్లు విడిగా నానబెట్టి, తెల్ల గుడ్డలో నొక్కి చూడండి. మిగిలిన రెండు గుండీలను కుర్తా లోపలి పక్క కుట్టుకు, కింది అంచు దగ్గర కుట్టి ఉంచండి. బట్టతో పాటు అవీ ఉతుకు పడి, రంగు మారితే సమానంగా మారతాయి.